పని మానేసేటప్పుడు రావలసిన డబ్బు: లెక్క కట్టడం, అడగడం, రాబట్టడం

ఉద్యోగంలో చేరిన రోజున మనచేత సంతకాలు పెట్టించుకునే కాగితాలన్నిటికంటే, మానేసే రోజున మన ముందుకు వచ్చే ఒక్క కాగితం ఖరీదైనది. దాని మీద మూడు ముక్కలే ఉంటాయి: నా ఇష్టప్రకారం పని మానేస్తున్నాను, నాకు రావలసినదంతా ముట్టింది, ఇకమీదట సంస్థ మీద నాకు ఏ హక్కూ లేదు. గుంటూరులో ఒక బట్టల దుకాణం కౌంటరు వెనక 11 ఏళ్ల 7 నెలలు నిలబడిన మా బాబాయి ముందుకు 2025 జనవరిలో అటువంటి కాగితమే వచ్చింది. పక్కనే 25,000 రూపాయల కట్ట కూడా పెట్టారు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని, చదువుకొని రేపు తెస్తానని చెప్పి, ఆయన కట్టను అక్కడే వదిలి కాగితంతో బయటపడ్డారు. చట్టప్రకారం ఆయనకు రావలసిన గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు మానేసేటప్పుడు యజమాని ఇవ్వవలసిన మొత్తం) ఒక్కటే 1,08,000 రూపాయలని ఆ రాత్రి లెక్క వేస్తే తేలింది.

కార్మిక చట్టాల గురించి పెద్ద చర్చలు ఎన్ని జరిగినా, మామూలు ఉద్యోగికి చట్టం ముఖాముఖి తారసపడేది ఎక్కువగా ఈ ఆఖరి లెక్క దగ్గరే. ఆ డబ్బు చేతికి వస్తే కొత్త పని దొరికేదాకా ఇల్లు గడుస్తుంది. రాకపోతే మొదటి నెలలోనే బంగారం తాకట్టుకు పోతుంది. ఈ చట్టాలు దాదాపు అన్నీ అడిగినవాడికి పలుకుతాయి తప్ప వాటంతట అవి తలుపు తట్టవు. అడగాలంటే చేతిలో తేదీలు, అంకెలు, కాగితాలు ఉండాలి.

మానేయడానికి చాలా ముందే చేయవలసిన పని

ఉద్యోగం పోయాక ఆఫీసు మెయిలు తెరుచుకోదు, హాజరు యంత్రం వేలిముద్ర తీసుకోదు, నిన్నటిదాకా కలిసి టీ తాగిన అకౌంటెంటు ఫోను ఎత్తడు. అందుచేత రుజువులన్నీ ఉద్యోగంలో ఉండగానే సమకూర్చుకోవాలి. నియామక పత్రం, ప్రతి నెలా జీతం చీటీ, గుర్తింపు కార్డు రెండు వైపులా తీసిన ఫొటో, జీతం జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలు, పీఎఫ్ (భవిష్య నిధి) పాస్‌బుక్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డు, డ్యూటీ చార్టు, జీతం పెంచుతున్నట్లు వచ్చిన వాట్సాప్ సందేశం వంటివి సొంత ఫోనులోనో, సొంత మెయిలులోనో, ఇంట్లో ఒక ఫైలులోనో ఉండాలి. సంస్థ వ్యాపార రహస్యాలను, కొనుగోలుదారుల వివరాలను మాత్రం దీనిలో కలపకండి. అది వేరే తలనొప్పి తెస్తుంది.

నియామక పత్రమే ఇవ్వని చోట పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం, జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. ఈ కోడ్‌లు పాత చట్టాలు 29ని నాలుగింటిలోకి కుదించాయి: వేతనాలది ఒకటి, పారిశ్రామిక సంబంధాలది ఒకటి, సామాజిక భద్రతది ఒకటి, పనిచోటులో భద్రత, ఆరోగ్యానిది ఒకటి. పత్రం అడిగితే పని పోతుందనే భయం ఉన్నచోట చిన్న నోటుపుస్తకం పెట్టుకోవచ్చు. ఏ రోజు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, ఎంత చేతికిచ్చారు, ఎవరిచ్చారు అన్నది రోజు రోజూ ఒకే చేతివ్రాతతో రాసి ఉంటే, ఆ పుస్తకం అధికారి ముందు తేలిగ్గా కొట్టిపారేయగల వస్తువు కాదు.

బాబాయి విషయంలో అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. 2017 నుంచే ఆయన జీతం బ్యాంకులో పడింది. అంతకుముందు కవరులో పెట్టి చేతికిచ్చేవారు. ఆయన చేరిందే 2017లో అని యజమాని వాదించారు. ఆ వాదనను కూల్చినది ఈఎస్ఐలో ఆయన పేరు నమోదైన తేదీ. జ్వరం మందుల కోసం తీసుకున్న కార్డు, పన్నెండేళ్ల తరవాత సర్వీసుకు సాక్ష్యమైంది. ఒక పని కోసం పుట్టిన నమోదు ఇంకో పనికి అక్కరకు రావడం మన దగ్గర కొత్త కాదు: తెలంగాణలో బీడీలు చుట్టే మహిళలకు ఆసరా పింఛను పథకం కింద జీవన భృతి ఇచ్చినప్పుడు పీఎఫ్ సభ్యత్వాన్నే అర్హతకు ఆధారంగా తీసుకున్నారు. పీఎఫ్ కట్టకుండా సట్టేదారు (బీడీ పని ఇచ్చే దళారి) చేత్తో లెక్క చూసుకున్న ఇళ్లలో, అంతే పని చేసిన ఆడవాళ్లు ఆ భృతికి బయటే ఉండిపోయారు.

మీకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడం

ముందుగా మీ సంస్థలో ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెట్టండి. గ్రాట్యుటీకి, ఈఎస్ఐకి 10 మంది ఉంటే చాలు. పీఎఫ్‌కు 20 మంది కావాలి. గ్రాట్యుటీ ఒకసారి వర్తించిన సంస్థలో తరవాత మనుషులు పదిమంది కంటే తగ్గినా ఆ బాధ్యత పోదు. బాబాయి దుకాణంలో ఒకప్పుడు 14 మంది ఉండేవారు, ఆయన బయటికి వచ్చేనాటికి 8 మందే మిగిలారు. మా దుకాణానికి గ్రాట్యుటీ లేదన్న యజమాని మాట మొదటి విచారణలోనే వీగిపోయింది.

ఈ పది, ఇరవై అంకెలు కాగితం మీద గీసిన గీతల్లా కనిపిస్తాయి గాని, ఊళ్లో ఉద్యోగాల తీరును అవే మలుస్తాయి. తొమ్మిది పేర్లే మస్టరులో ఉంచి మిగిలినవారిని తెలిసినవాళ్లు సాయానికి వచ్చారని చూపించే దుకాణం, ఒకే గోడౌనును భార్య పేర ఒకటి, తమ్ముడి పేర ఒకటి అని రెండు సంస్థలుగా చీల్చిన వ్యాపారం, పదకొండో నెలలో పది రోజులు మాన్పించి మళ్లీ చేర్చుకునే కాంట్రాక్టరు మనకు కొత్తవి కావు. రక్షణ ఇచ్చే చట్టమే కొందరిని రక్షణ అవతలికి నెట్టే ఎత్తులకు కారణమవుతుందని యజమానుల వైపు వాదించేవారు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని దానికి మందు గీతను ఇంకా పైకి జరపడమే అన్న వాదన నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. పేరు మస్టరులో లేకపోయినా, నిజంగా పని చేసినట్లు చూపగలిగితే మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవలసిందే. అందువల్ల తోటివారి పేర్లు, వారు చేరిన సంవత్సరాలు కూడా మీ నోటుపుస్తకంలో ఉండడం మంచిది.

కాంట్రాక్టరు కింద పనిచేసేవారు జీతం బకాయి విషయంలో కాంట్రాక్టరు మాయమయ్యాడని ఆశ వదులుకోనక్కర్లేదు. అతను చెల్లించకపోతే ఆ సంస్థ అసలు యజమానే చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. కాబట్టి మీరు రాసే ప్రతి లేఖలోనూ కాంట్రాక్టరుతో పాటు అసలు సంస్థ పేరు కూడా ఉండాలి.

మీ అధికారి ఎవరన్నది కూడా ఇప్పుడే తెలుసుకోండి. దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు, బడులు, ఐటీ కంపెనీలు, చాలా ఫ్యాక్టరీలు రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. సింగరేణి గనులు, రైల్వేలు, బ్యాంకులు, పెద్ద రేవులు కేంద్ర కార్మిక శాఖ కిందివి. వాటిలో కాంట్రాక్టు పని చేసేవారు కూడా అక్కడికే వెళ్లాలి. తప్పు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి మూడు నెలలు తిరిగాక ఇది మా పరిధి కాదన్న జవాబు వినడం చాలామందికి అనుభవమే.

ఎలా మానేస్తున్నారన్నది ముఖ్యం

మీరు రాజీనామా చేశారా, మిమ్మల్ని తీసేశారా అన్న ఒక్క తేడా మీద కొన్ని హక్కులు నిలబడతాయి, కొన్ని పడిపోతాయి. పని లేదని తీసేస్తే, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి నెల ముందు నోటీసు లేదా ఆ నెల జీతం, దానితో పాటు పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. రాజీనామా చేస్తే ఆ పరిహారం ఉండదు. హైదరాబాదులో పెద్ద అద్దాల మేడల్లో సాయంత్రం నాలుగింటికి ఒక గదిలోకి పిలిచి, మీరే రాజీనామా పెట్టేస్తే అనుభవ పత్రం బాగా రాసిస్తాం, లేకపోతే తీసేసినట్లు రికార్డుకెక్కుతుంది అని మెత్తగా చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే.

అలాంటి గదిలో కూర్చోవలసి వస్తే వాదించకండి, సంతకం చేయకండి. ఆలోచించి చెబుతానని బయటికి వచ్చి, ఆ సాయంత్రమే మీ సొంత మెయిలు నుంచి మానవ వనరుల విభాగానికి నాలుగు వాక్యాలు రాయండి: ఈ రోజు ఫలానా సమయానికి ఫలానా వారు నన్ను రాజీనామా చేయమని కోరారు, నాకు ఆ ఉద్దేశం లేదు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను, సంస్థ నన్ను తొలగించాలనుకుంటే దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆ తరవాత బేరం జరిగి రెండు మూడు నెలల జీతం మీద ఒప్పందం కుదిరినా తప్పేమీ లేదు, కాని ఆ బేరం మీకు రావలసినదేమిటో తెలిసి చేసినదై ఉంటుంది. ఈ తొలగింపు పరిహారం ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే అన్నది గుర్తుంచుకోండి. మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలకు పైబడిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవారు దానిలోకి రారు. ఇక్కడ చూసేది హోదా పేరును కాదు, నిజంగా చేసే పనిని. విజిటింగ్ కార్డు మీద ‘సీనియర్ మేనేజర్’ అని ఉన్నా కింద ఒక్క మనిషి కూడా లేకుండా రోజంతా కంప్యూటరు ముందు పని చేసుకునే వ్యక్తి కార్మికుడు కాడని ముందే తీర్మానించుకోనక్కర్లేదు.

దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో పనిచేసేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంకో ఆధారం ఉంది. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన వ్యక్తిని సహేతుక కారణం లేకుండా తీసేయాలంటే నెల నోటీసు ఇవ్వాలి. ఏడాది దాటినవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున సర్వీసు పరిహారం కూడా ఇవ్వాలి. ఇది రాష్ట్ర చట్టం కనుక కొత్త కోడ్‌లలో కలవలేదు. గ్రాట్యుటీకి కావలసిన అయిదేళ్లు నిండని సేల్స్‌మన్‌కు, మెడికల్ షాపు కుర్రాడికి, డయాగ్నస్టిక్ సెంటరులో రిసెప్షన్ చూసే అమ్మాయికి పనికివచ్చే సెక్షన్ ఇది. లేబర్ ఆఫీసుల బయట కూర్చుని దరఖాస్తులు రాసేవారికి ఇది కంఠతా వచ్చు, కాని దుకాణాల లోపల నిలబడేవారిలో విన్నవారు తక్కువ.

లెక్క కట్టడం

మొదటిది ఆఖరి జీతం. పనిచేసిన రోజుల జీతం, రావలసిన ఓవర్‌టైమ్, నోటీసు జీతం ఉంటే అది, మీ సంస్థ నియమాల ప్రకారం మిగిలిన సెలవులకు డబ్బు ఇందులోకి వస్తాయి. ఓవర్‌టైమ్‌కు మామూలు రేటుకు రెట్టింపు కట్టాలి. తీసేసినా, మీరే రాజీనామా చేసినా రెండు పనిదినాలలోపు వేతన బకాయి చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. నలభై అయిదు రోజుల తరవాత చూద్దాం అనే కంపెనీ ఆనవాయితీకి చట్టంలో చోటు లేదు. మీకు ఇచ్చినది కనీస వేతనానికి తగ్గకుండా ఉందా అన్నది కూడా చూడండి. మన రాష్ట్రాల్లో కనీస వేతనానికి కలిసే కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది, దానిని చాలామంది యజమానులు మరిచిపోతారు.

రెండవది గ్రాట్యుటీ. అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేసి ఉండాలి. చనిపోయినా, పని చేయలేని వైకల్యం వచ్చినా ఈ అయిదేళ్ల షరతు లేదు. కొత్త కోడ్ ప్రకారం నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవారికి ఏడాది సర్వీసు ఉన్నా దామాషా ప్రకారం గ్రాట్యుటీ వస్తుంది. పదకొండు నెలల ఒప్పందాలకు అలవాటుపడిన సంస్థలు దీనితో ఎలా సర్దుకుంటాయో చూడవలసి ఉంది. సూత్రం చాలా తేలిక: నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, వచ్చినదానిని సర్వీసు ఏళ్లతో గుణించాలి. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటి ఉంటే దానిని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. బాబాయి మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,600 రూపాయలు. 26తో భాగిస్తే రోజుకు 600. పదిహేను రోజులకు 9,000. సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు కనుక 12 ఏళ్లు. అలా 1,08,000 రూపాయలు అయింది. ఇరవై లక్షల రూపాయల వరకు ఈ లెక్కే నడుస్తుంది.

నెలను 30తో భాగించి చూపించడం యజమానుల పక్కన కూర్చునే లెక్కలవాళ్ల పాత చిట్కా. 15,600ని 30తో భాగిస్తే రోజుకు 520 అవుతుంది. అదే పన్నెండేళ్లకు 93,600. ఒక్క అంకె మారితే 14,400 రూపాయలు ఆవిరైపోయాయి. కాబట్టి వారిచ్చిన కాగితంలో కింద ఉన్న మొత్తాన్ని చూసి సరిపెట్టుకోకుండా, దేనితో భాగించారో చూడండి.

ఇంకొక సంగతి జీతం చీటీలోనే దాగి ఉంటుంది. చేతికి 24,000 వస్తున్నా మూలవేతనం 8,000 మాత్రమే చూపి, మిగిలిన 16,000ను ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం అని చీల్చి రాసే అలవాటు ఉంది. పాత లెక్కలో ఏడాదికి గ్రాట్యుటీ 4,615 రూపాయలే వచ్చేది. కొత్త కోడ్‌ల ప్రకారం మినహాయించదగిన భత్యాలు మొత్తం జీతంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఇక్కడ సగం 12,000, మించినది 4,000, దానితో వేతనం 12,000 అవుతుంది, ఏడాదికి గ్రాట్యుటీ 6,923కు పెరుగుతుంది. 2025 నవంబరు 21కి ముందే మానేసినవారు మాత్రం 1972 నాటి గ్రాట్యుటీ చట్టం లెక్కతోనే వెళ్లాలి.

మూడవది పీఎఫ్. ఇది యజమాని ఇచ్చేది కాదు, ఇప్పటికే మీ పేర ఉండవలసిన సొమ్ము; కాబట్టి దీనిలో మీ పని అడగడం కంటే సరిచూడడం. మీ 12 అంకెల యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్యతో) పాస్‌బుక్ తెరిచి, జీతం చీటీలో కోసిన ప్రతి నెలా అక్కడ జమ అయిందా అని ఒక్కొక్క నెలా పోల్చండి. మీ వాటా వేతనంలో 12 శాతం, యజమాని వాటా 12 శాతం. యజమాని వాటాలో 8.33 శాతం, అదీ 15,000 రూపాయల వేతన పరిమితి మేరకు, పింఛను ఖాతాలోకి వెళుతుంది. మీ జీతం నుంచి కోసి అక్కడ కట్టకపోతే అది బాకీ మాత్రమే కాదు, నమ్మకద్రోహం కిందికి వచ్చే నేరం. పీఎఫ్ సంస్థ ఆన్‌లైన్ ఫిర్యాదుల విభాగంలో జీతం చీటీలు జత చేసి రాయవచ్చు. యజమాని మీరు మానేసిన తేదీ నమోదు చేయకుండా వేధిస్తే, చివరి చందా పడిన రెండు నెలల తరవాత ఆ తేదీని మీరే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

పీఎఫ్ డబ్బు అవసరం లేకపోతే తీయకండి, కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకోండి. పదేళ్ల సర్వీసు నిండితేనే పింఛనుకు అర్హత వస్తుంది. ఉద్యోగం మారినప్పుడల్లా ఖాతా ఖాళీ చేసుకున్నవారు ప్రతిసారీ మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. ఈఎస్ఐ విషయంలో తెలియక వదులుకునేది ఒకటుంది: నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్నవారికి వర్తించే ఈ పథకంలో, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు ప్రయోజన కాలం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు ఉంటుంది. అంటే ఆగస్టులో ఉద్యోగం పోయినంత మాత్రాన ఆ వెంటనే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు మూసుకుపోదు. అర్హతకు కావలసినన్ని రోజుల చందా ఉందో లేదో మీ డిస్పెన్సరీలో కనుక్కోండి.

అడగడం

నోటితో అడిగినది గాలిలో కలుస్తుంది. గ్రాట్యుటీ కోసం, అది చెల్లించవలసి వచ్చిన నాటి నుంచి 30 రోజులలోపు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో యజమాని దానిని తిరస్కరించకూడదు. యజమాని కూడా 30 రోజులలోపే చెల్లించాలి. లేఖ పెద్దదిగా, కోపంగా ఉండనవసరం లేదు. బాబాయి కోసం రాసినది ఇంచుమించు ఇలా ఉంది:

“అయ్యా, నేను తమ దుకాణంలో 2013 జూన్ నుంచి 2025 జనవరి వరకు సేల్స్‌మన్‌గా పనిచేశాను. చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,600 రూపాయలు. గ్రాట్యుటీ చెల్లింపు చట్టం ప్రకారం 12 ఏళ్లకు నాకు రావలసిన మొత్తం 1,08,000 రూపాయలు. లెక్క ఈ లేఖకు జతచేశాను. చట్టం చెప్పిన గడువులోపు నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఖాతా పుస్తకం మొదటి పేజీ నకలు జతపరిచాను.”

దీనిని స్వయంగా ఇచ్చి నకలు మీద సంతకం, తేదీ వేయించుకోవచ్చు. సంతకం పెట్టరని అనుమానముంటే స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు కోరుతూ పంపి, రసీదును లేఖ నకలుకు పిన్ను చేసి దాచండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరును విప్పకండి. తిరిగివచ్చిన కవరే మీరు అడిగారనడానికి సాక్ష్యం.

ఈ దశలో చాలామంది యజమానులు ఫోను చేస్తారు. కొందరు నిజంగానే లెక్క తెలియక తప్పు చేసి ఉంటారు, సర్దుబాటుకు వస్తారు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. కొంత ముట్టి కొంత మిగిలితే, రసీదు మీద “ముట్టినది ఇంత, మిగిలిన మొత్తంపై నా హక్కు వదులుకోకుండా” అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. గ్రాట్యుటీ హక్కును ఒప్పందంతో తీసేయడం కుదరదు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎన్నడూ వద్దు, అది ఎంత చిన్న మొత్తానికైనా సరే.

రాబట్టడం

గడువు దాటినా కదలిక లేకపోతే కార్మిక శాఖకు వెళ్లాలి. కింది స్థాయిలో అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు, ఆ పైన లేబర్ ఆఫీసరు, అసిస్టెంట్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్ ఉంటారు. దుకాణాలు, చిన్న సంస్థల విషయంలో ముందుగా అసిస్టెంట్ లేబర్ ఆఫీసరును కలవడం మేలు. ఆయన ఒక నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడితేనే కొన్ని తగాదాలు తెగిపోతాయి. తెగకపోతే ఏ దరఖాస్తు ఏ అధికారి ముందు వేయాలో అక్కడే చెబుతారు. గ్రాట్యుటీకి నియమిత అధికారి వేరు, వేతన బకాయికి వేరు కావచ్చు. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి రాస్తే ఒకటి పక్కకు పోతుంది.

వేతన బకాయి, ఓవర్‌టైమ్, కనీస వేతనంలో తగ్గింపు, అక్రమ కోతల విషయంలో మూడేళ్లలోపు దరఖాస్తు చేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. ఇక్కడ ఉద్యోగికి చాలా బలమైన నియమం ఒకటుంది: జీతం చెల్లించలేదని మీరు దరఖాస్తు చేస్తే, చెల్లించానని నిరూపించే భారం యజమానిదే. మీరు పనిచేశారని చూపితే చాలు, మిగిలినది ఆయన తలనొప్పి. దరఖాస్తును మీరే వేయవచ్చు, రిజిస్టరైన కార్మిక సంఘం ద్వారా కూడా వేయించవచ్చు. ఒక్కరే వెళ్లిన వ్యక్తికి వాయిదా మీద వాయిదా పడుతున్నచోట, సంఘం నాయకుడు పక్కన కూర్చుంటే ఫైలు కదలడం నేను కళ్లారా చూశాను.

అన్యాయంగా తొలగించారన్నది మీ ఫిర్యాదైతే దారి వేరు. రాజీ కుదిర్చే అధికారికి దరఖాస్తు ఇచ్చి 45 రోజులు గడిచాక కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. ప్రభుత్వం తగాదాను కోర్టుకు పంపేదాకా ఆగకుండా ఉద్యోగి తనంతట తాను లేబర్ కోర్టుకు వెళ్లే వీలును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే తెచ్చుకుంది. కేంద్ర చట్టంలో అది చేరడానికి 2010 దాకా పట్టింది.

న్యాయవాది ఫీజు భయంతో ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇస్తే సరిపోతుంది.

విచారణకు వెళ్లేటప్పుడు కాగితాలను తేదీల వరసన పేర్చి, పైన ఒక పేజీలో ఏ సంవత్సరానికి ఏ రుజువు అన్నది రాసుకోండి. ఒక్కో ఫైలుకు ఆ అధికారి పది నిమిషాలకు మించి ఇవ్వలేరు, ఆ ఒక్క పేజీనే చదువుతారు. యజమాని రాకపోతే ప్రతి వాయిదాకూ మీరు వచ్చినట్లు హాజరు వేయించుకోండి. మీ పక్షాన ఉత్తర్వు వచ్చాక యజమాని గ్రాట్యుటీ మీద అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా ఆ మొత్తం జమ చేయవలసి ఉంటుంది; ఊరికే కాలయాపన కోసం వేసే అప్పీళ్లకు ఈ షరతు చాలా వరకు అడ్డుకట్ట. అయినా కట్టకపోతే, అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో కలెక్టరు దానిని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయిస్తారు. ధ్రువపత్రం కోసం విడిగా దరఖాస్తు చేయాలి, అది దానంతట అది వెళ్లదు.

బాబాయి కేసు అంతదాకా పోలేదు. ఈఎస్ఐ నమోదు తేదీ బయటపడిన తరవాతి వాయిదాలో యజమాని తరఫు లెక్కలాయన చెక్కు తెచ్చారు. దాని మీద 1,08,000 మాత్రమే ఉంది. తొమ్మిది నెలల ఆలస్యానికి ఏడాదికి 10 శాతం చొప్పున 8,100 రూపాయల వడ్డీ రావాలని బాబాయి తన కాగితం చూపించారు. లెక్కలాయన కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివి, ఆ చెక్కు వెనక్కు తీసుకొని, వారం తరవాత 1,16,100కు ఇంకొకటి రాసి తెచ్చారు.